చేపల లెక్క తప్పుతోంది, ఇంట్లో మాటలూ తగ్గాయి

డల్లాస్ శివార్లలో ఉంటున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. కుదించి చెబితే సంగతి ఇది.

రెండేళ్ల క్రితం, ఇంట్లోంచే ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, ఆవిడ హాల్లో 75 గాలన్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నారు. మన లెక్కలో 284 లీటర్లు. లోపల రాళ్లు, పగడాలు, కింద అల్మరాలో నీళ్లు వడకట్టే తొట్టె, అంటే ఫిల్టర్ సంప్. పైన అరంగుళం గళ్ల ప్లాస్టిక్ పలకే మూత. మొదటినుంచీ ఉన్నవి రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక సిక్స్‌లైన్ రాస్. డిసెంబర్‌లో ఐదు ఆకుపచ్చ క్రోమిస్‌లు కొన్నారు. జనవరిలో ఒక ఫైర్ ఫిష్, ఒక రాయల్ గ్రామా వచ్చాయి. ఆ నెలలోనే ఫ్లోరిడా నుంచి కొత్తగా లైవ్ రాక్ (చిన్న చిన్న జీవులు అంటుకుని ఉండే సముద్రపు రాయి) కూడా తెప్పించారు. మార్చి మొదట్లో పసుపు వాచ్‌మన్ గోబీని తెచ్చారు. దానితోపాటు షాపువాడు "ఇది దీని జోడీ" అంటూ ఒక చిన్న రొయ్యను ఇచ్చాడట. వేసిన రోజు తర్వాత ఆ రొయ్య ఎవరికీ కనిపించలేదు.

ఫిబ్రవరి చివర్లో ఫైర్ ఫిష్ మాయం. క్రోమిస్‌లు మార్చికల్లా మూడయ్యాయి, ఇప్పుడు రెండే. మార్చి నెలాఖరు నుంచి గోబీ లేదు. మే నెలలో గ్రామా పోయింది. ఒక్కదాని శవం కూడా దొరకలేదు. నీళ్ల పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. నత్తలన్నీ బాగున్నాయి. రాత్రిళ్లు ఎడమవైపు రాయి కింద "టప్, టప్" అని మెటిక విరిచినట్టు చప్పుడు. తెల్లారేసరికి అక్కడి ఇసుక ఎవరో తవ్వి పోసినట్టు ఉంటోంది. ఏప్రిల్ మొదట్లో ఊరు మారుతున్న పక్కింటివాళ్లు ఇచ్చివెళ్లిన భోజనం ప్లేటంత మష్రూమ్ పగడం కొన్ని ఉదయాలు మూటలా ముడుచుకుని కనిపిస్తోందనీ, దానికి జబ్బేమోననీ ఒక వాక్యం రాశారు.

ఇక ఇంటి సంగతి. "లెక్కపెట్టడం నీకే రాదు" అన్నాడట భర్త మొదట్లో. తర్వాత ఏదో వీడియో చూసి, రాయిలో పెద్ద పురుగుందని తేల్చి, రాళ్లన్నీ తీసి బిర్యానీ గిన్నెలో ఉడకబెడదామంటున్నాడు. ఎనిమిదేళ్ల పాప రాత్రిళ్లు హాల్లోకి రావడం మానేసింది. భీమవరం నుంచి ఏప్రిల్ రెండో వారంలో వచ్చిన అత్తగారు రోజూ పొద్దున్నే మూత తీసి చేపలకు మేత వేసేవారు. ఈవిడకు అనుమానం అక్కడ మొదలైంది. నోరు తెరిచి ఏమీ అనలేదు. మూత మీద ఇంగ్లీషులో "తెరవొద్దు" అని చీటీ అంటించారు. అత్తగారు ఇంగ్లీషు చదవలేరు, కానీ చీటీ ఎవరి కోసమో తెలుసుకోలేనంత అమాయకురాలు కారు. ఆ రోజు నుంచి హాల్లో కూర్చోవడమే లేదు. "అక్వేరియం తీసేయాలా? రాళ్లు విప్పాలా? అసలు నా చేపల్ని తింటున్నది ఏది?" అని ప్రశ్న.

*

మీ ఉత్తరంలోని తేదీలన్నీ ముందు ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాను. మీరూ రాసి చూడండి. ఫైర్ ఫిష్ పోయింది ఫిబ్రవరిలో. రెండు క్రోమిస్‌లు పోయింది మార్చిలోపు. గోబీ మార్చి నెలాఖరులో. మీ అత్తగారు విమానం దిగింది ఏప్రిల్ రెండో వారంలో. ఆవిడ భీమవరంలో ఉండగా డల్లాస్‌లో మీ మూత ఎవరు తీశారు?

దొంగ ఒక్కడే అన్న ఊహతో మీరందరూ వెతుకుతున్నారు. మీవారికి ఆ దొంగ పురుగు, మీకు అత్తగారు. నాకైతే ఇవి నాలుగు వేరు వేరు కథల్లా కనిపిస్తున్నాయి. అందులో ఒక చేప చచ్చిపోయిందని కూడా నేను గట్టిగా అనలేను.

మొదట ఫైర్ ఫిష్. ఇది దూకే చేప. బెదిరితే బాణంలా పైకి లేస్తుంది. మీ మూత గళ్లు అరంగుళం. సన్నగా, వేలంత ఉండే ఈ చేప ఆ గళ్లలోంచి ఇట్టే బయటపడుతుంది. ఎందుకు బెదిరింది అంటారా? రెండేళ్లుగా ఆ ఇల్లు తనదేనని కాపురం చేస్తున్న సిక్స్‌లైన్ రాస్‌ని అడగాలి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, తన తర్వాత వచ్చినవాళ్లను ఊపిరి తీసుకోనివ్వదు. మేత వేసేటప్పుడు పది నిమిషాలు కుర్చీ వేసుకుని దాన్నొక్కదాన్నే చూడండి. ఎవరిని తరుముతోందో తెలిసిపోతుంది.

నాదీ అదే అనుభవం. నా మొదటి ఫైర్ ఫిష్ మాయమైనప్పుడు ఇంట్లో ప్రతి పగడాన్నీ అనుమానించాను. మూడు వారాల తర్వాత వాక్యూమ్ చేస్తుంటే టీవీ స్టాండ్ వెనక, వైర్ల మధ్య, ఎండు మెత్తళ్లలా దొరికింది. తొట్టికి అది ఐదడుగుల దూరం. నేల మీద పడ్డాక కూడా ఎగిరెగిరి అంత దూరం పోతాయి. నాలుగు నెలలయింది కాబట్టి మీకు ఇప్పుడు దొరక్కపోవచ్చు, అయినా అల్మరా వెనక సందులో టార్చ్ వేసి చూడండి. ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే వెతకడం దండగ.

నేల మీద లేకపోతే ఓవర్‌ఫ్లో బాక్స్‌లో వెతకండి. నీళ్లు సంప్‌లోకి దిగే ఆ మూల గదిలోకి చేపలు దూకి, అక్కడే వారాలు బతికేస్తాయి. పైనుంచి చూస్తే కనపడవు. సంప్‌లోంచి నీళ్లను పైకి పంపే రిటర్న్ పంపు ఆపి, టార్చ్ వేసి అడుగుదాకా చూడండి. లోపల నిలువుగా ఉన్న గొట్టాన్ని మాత్రం పీకొద్దు. పీకితే ఆ గదిలోని నీళ్లన్నీ ఒక్కసారిగా సంప్‌లోకి దిగి, అల్మరా దాటి కార్పెట్ మీదికొస్తాయి. నీళ్లు వడకట్టే గుడ్డ సంచిని, అంటే ఫిల్టర్ సాక్‌ని కూడా తిరగేసి దులపండి.

క్రోమిస్‌ల సంగతి రెండు ముక్కల్లో. సముద్రంలో గుంపుగా బతికే ఈ చేపలు తొట్టిలో పెట్టేసరికి తమలో తామే పెద్దరికం తేల్చుకోవడం మొదలెడతాయి. అన్నిటికన్నా బలహీనమైనదాన్ని పొడిచి పొడిచి మూలకు నెడతాయి. అది పోయాక తర్వాతి దాని వంతు. ఐదు కొంటే ఏడాదికి ఒకటో రెండో మిగలడం ఈ సరదా ఉన్నవాళ్లందరికీ తెలిసిన కథే. మళ్లీ ఐదు కొని వేయాలనిపిస్తుంది, వేయకండి. మిగిలిన రెండింటి ఒంటి మీద ఎర్రటి పుండ్లు గానీ ఉంటే అది వేరే జబ్బు. అప్పుడు మళ్లీ రాయండి.

ఇప్పుడు ఆ టప్ టప్ చప్పుడు. మీరు రాసిన నాలుగు పేజీల్లో నాకు నవ్వొచ్చిన చోటు ఇదొక్కటే. షాపువాడు గోబీకి జోడీ అని ఇచ్చింది పిస్టల్ రొయ్య అయి ఉంటుంది. దానికి ఒక డెక్క పెద్దది. దాన్ని టక్కున మూస్తే మెటిక విరిచినట్టు, ఒక్కోసారి అద్దం పగిలినట్టు శబ్దం వస్తుంది. ఈ రొయ్యకు చూపు సరిగ్గా ఆనదు. ఇసుక తవ్వి బొరియ కట్టడం దాని పని. గుమ్మంలో నిలబడి కాపలా కాయడం గోబీ పని. రొయ్య తన మీసాన్ని గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. ప్రమాదం వస్తే గోబీ తోక కదుపుతుంది, ఇద్దరూ లోపలికి. చప్పుడు ఎడమ రాయి కింద, తవ్విన ఇసుకా అక్కడే. రెండూ మార్చి తర్వాత మొదలైనవే అయితే మీ ఇంట్లో దెయ్యం లేదు, మేస్త్రీ ఉన్నాడు.

మాంటిస్ రొయ్య కూడా ఇలాంటి చప్పుడే చేస్తుంది, ఫ్లోరిడా రాళ్లలో దాక్కుని రావడం కూడా మామూలే. కానీ అది ఉంటే ముందు మీ నత్తల గుల్లలు పగిలేవి. అన్నీ నిక్షేపంలా ఉన్నాయని మీరే రాశారు. కాబట్టి గోబీ బతికే ఉండొచ్చన్నది నా ఆశ. నెలల తరబడి బయటికి రాకుండా ఉన్నవి ఉన్నాయి. లైట్లు ఆర్పిన గంట, రెండు గంటల తర్వాత ఎర్ర టార్చ్ వేసి ఆ బొరియ చూడండి. లేకపోతే టార్చ్ మీద ఎర్ర సెల్లోఫేన్ చుట్టండి. ఈ జీవుల్లో చాలావాటికి ఎర్ర వెలుతురు ఆనదు, కాబట్టి బెదరవు. పొడవాటి గొట్టంతో నాలుగు మైసిస్ (చేపల మేతగా అమ్మే చిట్టి రొయ్యలు) ముక్కలు బొరియ ముందు వదలండి. పసుపు మూతి బయటికొస్తే మీ పాపను నిద్రలేపినా తప్పులేదు.

మీవారు చూసిన వీడియో ఏదో ఊహించగలను. 2009లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో, న్యూకీ అనే ఊరి అక్వేరియంలో చేపలకు గాయాలవుతుంటే, పగడాలు తెగి పడుతుంటే, సిబ్బంది రాళ్లు విప్పి చూశారు. దాక్కుని చేపల్ని వేటాడే నాలుగడుగుల సముద్రపు పురుగు, బాబిట్ పురుగు, బయటపడింది. దానికి బ్యారీ అని పేరు కూడా పెట్టారు. నిజంగా జరిగిందే. కానీ అలాంటివి అరుదు. మీ రాళ్లలో కనిపించే వేలెడు జెర్రిపురుగుల్లాంటివి బ్రిసిల్ పురుగులు, చచ్చినదాన్ని శుభ్రం చేసే పనివాళ్లు. శవం దొరకలేదని అందరూ భయపడుతున్నారు కదా, కారణం ఇదే. రాత్రి ఒక చిన్న చేప చనిపోతే పురుగులు, హెర్మిట్ పీతలు, నత్తలు కలిసి తెల్లారేసరికి ముల్లు కూడా మిగల్చవు. 284 లీటర్ల నీళ్లలో అంత చిన్న శవం నుంచి పుట్టే అమ్మోనియా పరీక్షకు అందదు. కాబట్టి శవం లేనంత మాత్రాన తినేసింది ఎవరో వేటగాడేనని అనుకోనక్కర్లేదు.

ఇక గ్రామా. దీని దగ్గరే నాకు దిగులు. మీరు జబ్బేమోననుకున్న ఆ మష్రూమ్ పగడం గురించి ఇంకొంచెం రాసి ఉంటే బాగుండేది. ప్లేటంత వెడల్పు, చామాకులా పరుచుకుని, అంచు దగ్గర నున్నటి పట్టీ లాంటిది ఉంటే అది ఎలిఫెంట్ ఇయర్ రకం. పగడాల్లో చేపను మింగే రకం అదే. ఆకు మీద చిన్న చేప వాలితేనో, రాత్రి దాని పక్కన నిద్రపోతేనో, అంచులు మెల్లగా పైకి లేచి మూట కట్టేస్తుంది, చివరికి మూతి తాడు లాగిన సంచిలా చిన్న రంధ్రం మిగులుతుంది. లోపలున్న చేపకు అర్థమయ్యేలోపు దారి మూసుకుపోతుంది. ఉదయాన్నే మూటలా కనిపిస్తోందంటే అది జబ్బు అయినా కావచ్చు, భోజనం అయినా కావచ్చు. ఏప్రిల్‌లో అది వచ్చింది, మేలో గ్రామా పోయింది. మూడో క్రోమిస్ కూడా దాని ఖాతాలోనే పడి ఉండొచ్చు.

తేల్చుకోవడం తేలికే. మేత వేసే వేళ ఒక మైసిస్ ముక్కను దాని నడిమధ్య వదిలి, పావుగంట చూడండి. ముడుచుకుంటే సంగతి తెలిసినట్టే. అప్పుడు మీ ముందు రెండు దారులు. షాపుకో, పెద్ద చేపలున్నవాళ్లకో ఇచ్చేయొచ్చు. పక్కింటివాళ్ల గుర్తు పోతుందన్న బాధ ఉంటుంది. లేదా అది అందంగా ఉందని ఉంచుకోవచ్చు. అప్పుడు రాళ్లకు దూరంగా, ఇసుక మీద ఒక మూలకు మార్చి, ఇకమీద వేలంత చేపలు కొననని ఒట్టు పెట్టుకోవాలి. మీ క్లౌన్ ఫిష్‌లు దాన్ని గూడు అనుకుని అందులో పడుకోవడం మొదలెడితే మాత్రం రెండో దారి మూసుకుపోయినట్టే.

ఇప్పుడు బిర్యానీ గిన్నె. దయచేసి మీవారికి ఈ పేరా చదివి వినిపించండి. మీ రాళ్ల మీద గుండీల్లా రంగురంగుల జోవాంథిడ్‌లు (పగడాలకు చుట్టాలైన మెత్తటి జీవులు) పెరుగుతున్నాయని రాశారు. వాటిలో కొన్ని రకాల్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. అలాంటి రాయిని ఉడకబెడితేనో, వేడినీళ్లు పోసి తోమితేనో ఆ విషం ఆవిరితో పాటు గాలిలోకి లేస్తుంది. రాయి ఉడికించిన పాపానికి ఇంటిల్లిపాదీ, పెంపుడు కుక్కతో సహా, ఊపిరాడక ఆస్పత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి. ఇంట్లో చిన్నపిల్ల, పెద్దావిడ ఉన్నారు. ఏ రాయినైనా ముట్టుకోవాల్సి వస్తే చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు. పురుగుల ముళ్లు గుచ్చుకోకుండా ఉండటానికీ గ్లవ్స్ పనికొస్తాయి.

అత్తగారు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చిటికెడు వేస్తే ఏ పురుగైనా చస్తుందన్నారట. చెరువుల దగ్గర పెరిగిన మనిషి, ఆవిడ లెక్కలో సబబే. కానీ మీ తొట్టిలో అది పురుగుతో పాటు రొయ్యను, నత్తలను, పగడాలను కూడా చంపుతుంది. రాగి కలిసిన ఏ మందూ ఈ తొట్టిలో పడకూడదు.

ఏం చేయాలన్నది మీ ఓపికను బట్టి ఉంటుంది. నేనైతే ముందు మూత మారుస్తాను. ఫ్రేముకు బిగించే పావంగుళం రంధ్రాల తెల్ల వల దొరుకుతుంది. వెనక పైపులు దిగే సందు కూడా మూయాలి, చేపలు సరిగ్గా అక్కడే దూకుతాయి. తర్వాత ఆరు వారాలు కొత్త చేప కొనను. ఈలోగా ఉన్నవి ఉన్నట్టే ఉంటే సమస్య అయిపోయినట్టు. ఇంకోటి తగ్గితే అప్పుడు వేటగాడి కోసం వెతకాలి. సోడా సీసా మెడ కోసి లోపలికి తిప్పి, అడుగున పచ్చి రొయ్య ముక్క వేసి, రాత్రి ఇసుక మీద పడుకోబెడితే పీత గానీ చిన్న మాంటిస్ గానీ పడే వీలుంది. పిస్టల్ రొయ్య పడితే వదిలేయండి, అది మీ మేస్త్రీ.

రాళ్లన్నీ విప్పడం ఆఖరి మాట. ఒక పూట పని కాదు, రెండ్రోజులు పడుతుంది. పగడాలు విరుగుతాయి, ఇసుకలో అణగి ఉన్న మురికి లేచి నీళ్లు చెడతాయి, గోబీ బతికి ఉంటే రాయి దాని మీదే పడుతుంది. జనవరిలో వచ్చిన రాయి మీదే గట్టి అనుమానం ఉంటే అదొక్కదాన్నే తీసి, పంపు పెట్టిన ఉప్పునీళ్ల బకెట్‌లో కొన్నాళ్లు వేరుగా ఉంచి చూడొచ్చు. చేపకు చేప తగ్గుతున్నా మీకు పెద్దగా నష్టం లేదనుకుంటే అదీ అక్కర్లేదు.

మొత్తం తీసేయాలన్న ఆలోచన తప్పేమీ కాదు. రెండేళ్లు చేశారు, చాలనిపించొచ్చు. చేపల్ని, పగడాల్ని తీసుకుని బదులు స్టోర్ క్రెడిట్ ఇచ్చే షాపులు ఉంటాయి. ఏ నీళ్లలోనూ మాత్రం వదలకండి. హిందూ, పసిఫిక్ సముద్రాల లయన్ ఫిష్ 1985 నుంచి ఫ్లోరిడా తీరంలో కనిపిస్తూ, అక్కడి చేపల్ని ఇష్టారాజ్యంగా తింటోంది. ఎవరో తొట్టిలోంచి వదిలిందేనన్నది ఎక్కువమంది మాట.

(ఇది చదివి హైదరాబాద్‌లోనో విశాఖలోనో పగడాల తొట్టి పెడదామనుకునేవాళ్లకు ఒక మాట. మన దగ్గర రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. తీరంలో ఏరుకొచ్చినా, ఎవరో అమ్మారని కొన్నా కేసే.)

మిగిలింది మీ అత్తగారు. ఆవిడ పుట్టింటివాళ్లకు రొయ్యల చెరువులున్నాయని ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు. తెల్లవారుజామున చెరువు గట్టు మీద నిలబడి, చేపలు నీటిపైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయా లేదా అని చూసిన కళ్లు అవి. చేపపిల్లల చెరువులో ఒక్క కొరమీను దూరితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. మీ ఇంట్లో ఈ విషయం మాట్లాడటానికి అందరికన్నా పనికొచ్చే మనిషిని చీటీ పెట్టి పంపేశారు. కావాలని చేయలేదు, తెలుసు. మనసులో ఉన్నది అనలేక కాగితం మీద పెట్టారు. కాకపోతే ఆవిడ చదవలేని భాషలో పెట్టారు.

మేత ఎంత వేయాలో, మూత మళ్లీ ఎలా మూయాలో చూపించి, పొద్దుటి మేత ఆవిడకే అప్పగించొచ్చు. ఎలాగూ నాలుగింటికే లేస్తారు కాబట్టి ఎర్ర టార్చ్ ఇచ్చి బొరియ కాపలా కూడా అడగొచ్చు. లేదా వల మూత వచ్చేదాకా ఎవరూ తెరవొద్దని, మీతో సహా, అందరికీ కలిపి నోటితో చెప్పొచ్చు. మొదటిదైతే రోజూ కాస్త మేత ఎక్కువ పడే ప్రమాదం ఉంది, నైట్రేట్ పెరుగుతుంది, వారానికోసారి చూసుకోవాలి. రెండోది భద్రం. కానీ ఆవిడ మళ్లీ హాల్లోకి వచ్చి కూర్చుంటారా అన్నది మీరే చెప్పాలి. క్షమాపణ అంటూ పెద్ద మాటలు అక్కర్లేదనుకుంటా. "ఫైర్ ఫిష్ మీరు రాకముందే పోయిందండీ అత్తయ్యా, నేనే తేదీలు చూసుకోలేదు" అంటే చాలు.

చీటీ మాత్రం ఈ రోజే తీసేయండి. జిగురు మరక మిగిలితే వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. గ్లాస్ క్లీనర్ కొట్టకండి, తుంపర లోపల పడుతుంది.